అన్నం ఇంట్లో, కూర వీధిలో

విజయవాడ పటమటలో సాయంత్రం ఏడు దాటాక ఇంటింటా కుక్కర్ కూస్తుంది. చాలా ఇళ్లలో అందులో ఉడికేది అన్నం ఒక్కటే. పప్పు, కూర, పచ్చడి, సాంబారు వీధి చివర కర్రీ పాయింట్‌లో స్టీలు గిన్నెల నిండా సిద్ధంగా ఉంటాయి. బండి దిగకుండానే ఒక కాలు నేలకానించి "ఒక టమాటా పప్పు, ఒక దొండకాయ వేపుడు, సాంబారు" అని చెప్పే ఉద్యోగులు, ఇంటి నుంచి గిన్నె తెచ్చుకునే పెద్దవాళ్లు, ఒకే గదిలో ఉంటూ తలా కొంచెం డబ్బు వేసుకునే కుర్రాళ్లు అక్కడ పక్కపక్కనే నిలబడతారు. కూర కవర్లో పడుతుంది, మూతి దగ్గర రబ్బరు బ్యాండు బిగుస్తుంది. కుక్కర్ ఆవిరి పోయేలోపు కూర ఇంటికి చేరుతుంది.

హోటల్ తిండి వేరు, ఇంటి తిండి వేరు అని మాట్లాడుకోవడం తెలుగువాళ్లకు పాత అలవాటు. పటమట కంచంలో ఆ గీత ఎప్పుడో చెరిగిపోయింది. పొద్దున ఇడ్లీ బండి దగ్గరిది. మధ్యాహ్నం క్యారియర్ ఇంటిది. సాయంత్రం పునుగులు మళ్లీ బండివి. రాత్రి అన్నం ఇంటిది, కూర కొన్నది, ఆవకాయ అత్తగారు పంపింది, పెరుగు ప్యాకెట్ పాలతో తోడుపెట్టింది. ఇలా తినే ఊళ్లో తేల్చుకోవలసింది ఒకటే: ఏది బయట తినాలి, ఏది ఇంట్లో వండుకోవాలి?

తిండి మీద శ్రద్ధ ఉన్నవాళ్లు ఈ ప్రశ్నను గట్టిగా అడగడం లేదు. అందుకే రెండు చోట్లా రుచి పలచబడుతోంది. హోటల్ బోర్డు మీద ‘అచ్చం ఇంటి భోజనం’ అని ఉంటుంది. ఇంట్లో ఫోన్ ముందు పెట్టుకుని ‘రెస్టారెంట్ స్టైల్’ గ్రేవీ చేస్తుంటారు. హోటలేమో ఇల్లు కావాలని, ఇల్లేమో హోటల్ కావాలని పడే తాపత్రయంలో ఎవరికి బాగా చేతనైన వంటను వాళ్లే వదిలేస్తున్నారు.

కాలువ, వరి, మినుము

1985లో విజయవాడ నగరంలో కలిసే దాకా పటమట విడిగా ఒక పంచాయతీ. ఇవాళ అపార్ట్‌మెంట్లు, ఆసుపత్రులు, బట్టల షోరూములు నిండిన ఈ పేట, పొలాల పక్కన ఊరిగా బతికిన రోజులు పెద్దవాళ్లకు ఇంకా బాగా గుర్తున్నాయి. ఇక్కడి తిండికి మొదలు కృష్ణ నీళ్లు తెచ్చే బందరు కాలువ. 1855లో పూర్తయిన కృష్ణా ఆనకట్ట, అది 1952లో తెగాక దాని స్థానంలో 1957 నాటికి లేచిన ప్రకాశం బ్యారేజీ కలిసి దాదాపు 13 లక్షల ఎకరాల డెల్టాను వరి మాగాణిగా నిలబెట్టాయి. వరి పండిన చోట తెల్లన్నం కంచం మధ్యకు వచ్చింది. అన్నం రాశి పెద్దది కాబట్టి దాన్ని లాక్కుపోవడానికి పక్కనుండేవి కొద్దిగానైనా గట్టిగా ఉండాలి. కారం, పులుపు, ఉప్పు మూడూ నిండుగా ఉన్న పచ్చడి ఒక్క ముద్దతో పావు కంచం అన్నం కలుస్తుంది. బెజవాడ కూర మండుతుందని బయటివాళ్లు అంటుంటారు. ఆ కూర గిన్నెలోంచి విడిగా తినేది కాదు, అన్నంలో కలుపుకునేది. కృష్ణ దాటితే గుంటూరు మిర్చి యార్డు, అటువైపే దుగ్గిరాల పసుపు మార్కెట్. దినుసుకు వెతుక్కోవలసిన పని ఈ ప్రాంతానికి ఎన్నడూ పడలేదు.

ఆ అన్నం కూడా ఏదో ఒక బియ్యంతో వండింది కాదు. బాపట్లలో ఎం.వి.రెడ్డి రూపొందించిన బీపీటీ 5204 రకం 1986లో రైతులకు అందింది. జనం దాన్ని సాంబ మసూరి అన్నారు. సన్నగా, పొడిపొడిగా, తిన్నాక బరువనిపించకుండా ఉండే ఆ గింజ తెలుగిళ్ల నాలుకను ఎంతగా మార్చిందంటే, భోజన హోటల్లో అన్నం కాస్త లావైతే చాలు, కూర రుచి చూడకముందే కంచం మీద మనసు విరుగుతుంది. భోజన హోటల్‌ను మొదట అన్నంతోనే తూచాలి. మంచి బియ్యం కొనని యజమాని మిగతావాటిలో మంచి సరుకు వాడతాడని నమ్మడానికి ఆధారం లేదు.

వరి తర్వాత మినుము. కోతకు కొద్దిరోజుల ముందే, నిలబడ్డ వరిలో, తడి ఆరని మడిలో మినుములు చల్లేస్తారు. వరి కోసేసరికి మొలకలు కనిపిస్తుంటాయి. దున్నకుండా, విడిగా నీళ్లు కట్టకుండా, నేలలో మిగిలిన చెమ్మతోనే పంట చేతికొస్తుంది. గుంటూరు పక్కన లాం పరిశోధన కేంద్రం ఎల్‌బీజీ పేరుతో విడుదల చేసిన మినుము రకాలు డెల్టా రైతులందరికీ తెలిసినవే. ఇడ్లీ, గారె, మినపట్టు, సున్నుండ, గుమ్మడి వడియం అన్నీ ఆ మడిలోంచే వచ్చాయి. విజయవాడలో సందుకొక టిఫిన్ బండి ఎందుకుందో తెలియాలంటే జనవరిలో కంకిపాడు, ఉయ్యూరు వైపు పొలాలు చూసి రావాలి.

ఇడ్లీ బండిది, పెసరట్టు ఇంటిది

ఇంట్లో ఇడ్లీ మానేసిన కుటుంబాలు పటమటలో కొల్లలు. అందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. మన ఇడ్లీలో మినప్పప్పు ఒక వంతుకు ఇడ్లీ రవ్వ రెండు, రెండున్నర వంతులు. పప్పు నానాలి, గాలి పట్టి తేలికయ్యేదాకా రుబ్బాలి, రవ్వ కడిగి పిండి కలపాలి, రాత్రంతా పులవాలి. మే నెల ఉక్కకు అర్ధరాత్రికే పొంగి పొర్లే పిండి డిసెంబరులో తెల్లవారినా కదలదు. నలుగురి కోసం ఇంత చేసిన ఇల్లు మిగిలిన పిండిని ఫ్రిజ్‌లో పెట్టి, నాలుగో రోజు పుల్లట్లు పోసుకుంటుంది. బండి దగ్గర పిండి మిగలదు. తెల్లవారుజామున మొదలైన వాయి తొమ్మిది, పది గంటలకు ఆఖరవుతుంది. వాయి వెనక వాయి దిగుతూనే ఉంటుంది కాబట్టి ఆకు మీద పడే ఇడ్లీ పాత్ర దిగి రెండు మూడు నిమిషాలకు మించదు. ఇడ్లీకి అసలు రుచి ఆ రెండు మూడు నిమిషాల్లోనే ఉంది.

గాంధీనగరంలో 1942 నుంచి నడుస్తున్న బాబాయ్ హోటల్ ఖ్యాతి అంతా ఈ సంగతి మీదే నిలిచింది. ఇడ్లీ మీద వెన్నపూస, నెయ్యి, కారప్పొడి. పక్కన అల్లం చట్నీ. వెన్న కరిగేంత వేడిగా ఇడ్లీ లేకపోతే ఆ మొత్తం ఏర్పాటుకు అర్థం ఉండదు. వెన్న వేయడమంటే ఇడ్లీ ఇప్పుడే దిగిందని హామీ ఇవ్వడమే. అదే పేరుతో 1992లో జంధ్యాల, బ్రహ్మానందం ప్రధాన పాత్రగా సినిమా తీశారు. ఆ హోటల్ మొదలైన రోజుల్లో బెజవాడ హోటళ్లకు పాలు చుట్టుపక్కల పల్లెల నుంచి నడిచి, సైకిళ్లెక్కి వచ్చేవి. నిమ్మకూరు కుర్రాడు నందమూరి తారక రామారావు చదువుకునే రోజుల్లో విజయవాడ హోటళ్లకు సైకిల్ మీద పాలు పోసిన విషయం ఆయన జీవితకథలో అందరికీ తెలిసిన ఘట్టం.

పెసరట్టు దారి వేరు. దానికి పులవడం లేదు. పొట్టు పెసలు రాత్రి నానబోస్తే పొద్దున అల్లం, పచ్చిమిర్చి వేసి మిక్సీలో తిప్పి వెంటనే పెనం మీద పోయవచ్చు. రుబ్బిన గంట లోపల పోసిన అట్టుకు పచ్చి పెసర వాసన, లేత ఆకుపచ్చ రంగు ఉంటాయి. హోటల్లో పెద్ద డబ్బా నిండా రుబ్బి పెట్టిన పిండి పది గంటలకల్లా రంగు మారి, కొంచెం పులుపెక్కుతుంది. కరకరలాడడానికి బియ్యం పాలు పెంచుతారు. దాంతో పెసరట్టు మెల్లగా దోసె అయిపోతుంది. ఉప్మా కూరిన ఎమ్మెల్యే పెసరట్టుకు పేరెంత ఉన్నా, చింతపండు, బెల్లం, ఎండుమిర్చితో నూరిన అల్లం పచ్చడి అద్దుకుని ఇంట్లో తినే ఉత్త పెసరట్టుకు అది సాటి రాదు. విజయవాడ ఇళ్లు ఇడ్లీని వీధికి ఇచ్చేసినా పెసరట్టును మాత్రం వదులుకోకూడదు.

సాయంత్రం నాలుగున్నర నుంచి వీధి పునుగులది. ఇడ్లీ పిండి, దోసెల పిండి, కాస్త మైదా లేదా బియ్యప్పిండి, జీలకర్ర, పచ్చిమిర్చి. పొద్దున మిగిలిన పిండిని సాయంత్రానికి పనికొచ్చేలా చేసే ఈ వంటను విజయవాడ తన గుర్తుగా చేసుకుంది. పైన గట్టిగా, లోపల దూదిలా రావాలంటే నూనె వేడి పడిపోకూడదు. ఇంట్లో చిన్న బాండీలో గుప్పెడు పునుగులు వేయగానే నూనె చల్లారి, పిండి నూనె తాగుతుంది. బండి మీది పెద్ద మూకుడులో వాయి పడ్డా వేడి నిలుస్తుంది. రుచిలో బండి గెలిచేది అక్కడే.

ఓడేది కూడా ఆ మూకుడు దగ్గరే. అదే నూనెను రేపటికి, ఎల్లుండికి ఉంచితే అందులో పాడైన పదార్థాలు పెరుగుతాయి. టోటల్ పోలార్ కాంపౌండ్స్ 25 శాతం దాటిన నూనెను వాడకూడదని ఆహార భద్రత సంస్థ నిబంధన 2018 జూలై నుంచి అమల్లో ఉంది. దాన్ని కొలిచే పరికరం తినేవాళ్ల చేతిలో ఉండదు, కళ్లు, ముక్కు ఉంటాయి. నూనె నల్లబడి, అంచుల వెంట నురగ నిలిచిపోయి, వేడెక్కకముందే పొగ వస్తుంటే అక్కడ ఆగకుండా పక్క బండికి పోవడమే మంచిది. పునుగుల్ని న్యూస్‌పేపర్‌లో పొట్లం కట్టడం కూడా ఆపాలి. ఆ సిరా నూనెకు కరుగుతుంది. బాదం ఆకు, అరటాకు ముక్క వేసి ఇచ్చే బండ్లు ఇంకా ఉన్నాయి. వాటినే వెతుక్కోవాలి.

మెనూ కార్డులో డెల్టా ఎక్కడ?

బెంజి సర్కిల్ నుంచి ఎన్టీఆర్ సర్కిల్ మీదుగా ఆటోనగర్ గేటు దాకా బందరు రోడ్డు మీద ఫ్యామిలీ రెస్టారెంట్లకు లోటు లేదు. ఏసీ హాలు, పుట్టినరోజులకు పొడుగు బల్లలు, పేజీలకు పేజీలు మెనూ. పనీర్ బటర్ మసాలా, కడాయి పనీర్, షాహీ పనీర్, మష్రూమ్ మసాలా అని వరస కనిపిస్తుంది కానీ వెనక వంటింట్లో ఉండేవి ఉల్లి టమాటా గ్రేవీ ఒకటి, జీడిపప్పు గ్రేవీ ఒకటి. ఒకదానికి మీగడ, ఒకదానికి క్యాప్సికం ముక్కలు, ఇంకోదానికి మిరియాల పొడి కలిపి పేరు మారుస్తారు. మెనూ పెద్దదయ్యేకొద్దీ ఫ్రిజ్‌లో పెట్టే సరుకు పెరుగుతుంది, అప్పటికప్పుడు వండేది తగ్గుతుంది. ముంబయిలో నెల్సన్ వాంగ్ 1975లో కనిపెట్టిన మంచూరియా, చెన్నై బుహారీ హోటల్ 1965 నాటి తన సృష్టిగా చెప్పుకునే చికెన్ 65 మంచి వంటలే. వాటిని ఎవరూ కాదనరు. కానీ రెండూ దేశమంతటా ఒకేలా దొరుకుతాయి. వాటిని తినడానికి విజయవాడ దాకా రావాలా?

అన్నిటికన్నా బాధ కలిగించేది చేప. కైకలూరు, ముదినేపల్లి, కొల్లేటి చుట్టుపక్కల చెరువుల్లో పెరిగిన బొచ్చె, శీలావతి మంచు పెట్టెల్లో లారీలెక్కి బెంగాల్, అస్సాం చేరతాయి. పక్క జిల్లా చేపను గువాహటి తింటుంది. ఆ చెరువులకు రెండు మూడు గంటల దూరంలో ఉన్న విజయవాడ రెస్టారెంట్‌లో కుటుంబం మొత్తం ‘అపోలో ఫిష్’ తింటుంది: ముల్లు తీసేసిన ముక్కలు, పెరుగు, కరివేపాకు, రంగు. చింతపండు పులుసులో మెంతిపొడి వేసి, మట్టి దాకలో కాచి, పూటంతా ఊరనిచ్చిన చేపల పులుసు బందరు రోడ్డు మెనూలో వెతుక్కోవాలి. ముల్లు తీసుకుని తినే ఓపిక జనానికి లేదని హోటలువాళ్ల వాదన. అదే జనం ఆదివారం ఇంట్లో కొర్రమేను తెచ్చుకుని ముల్లు తీసుకునే తింటారు. చేపను పొలుసు తీయించి, ముక్కలు కొట్టించి ఇచ్చే బజారు పక్కనే ఉండగా ఆ వాదన నిలవదు.

హోటల్ చేయవలసిన పనిని హోటల్ బాగా చేసిన ఉదాహరణ కూడా ఈ ప్రాంతంలోనే ఉంది. అది ఉలవచారు. పూర్వం కృష్ణా, గుంటూరు పల్లెల్లో ఎడ్లకు రోజూ ఉలవలు ఉడకబెట్టేవారు. గుగ్గిళ్లు పశువులకు, వంచిన కట్టు ఇంటికి. ఆ కట్టులో చింతపండు పిసికి, సన్న సెగ మీద గంటల తరబడి సగానికి సగం మరిగించి తాలింపు పెడితే ఎర్రటి నలుపులో, చిక్కగా చారు తయారయ్యేది. ట్రాక్టరు వచ్చింది, ఎడ్లు పోయాయి, వాటితో పెరట్లో ఉలవల కాగూ పోయింది. నలుగురున్న ఇంట్లో ఇవాళ ఉలవచారు కాయడమంటే సిలిండరు ఖర్చు, పూటంతా కాపలా. హోటళ్లు, పెళ్లి వంటవాళ్లు ఆ కాగును మళ్లీ పొయ్యి మీద పెట్టకపోయి ఉంటే ఆ రుచి ఒక తరంతో ఆగిపోయేది. ఒక పెద్ద పొయ్యి, ఓపికున్న మాస్టర్, వంద మంది తినేవాళ్లు ఉన్నచోటే కుదిరే వంట అది. వేడన్నంలో ఉలవచారు పోసుకుని, మధ్యలో గుంట చేసి పచ్చి మీగడ లేదా వెన్న వేసుకుంటే దానికి ఇంకేమీ అక్కర్లేదు. ఉలవచారు బిర్యానీ అని మొదలైన ఫ్యాషన్, ఆ పేరుతో ప్రకాశ్‌రాజ్ 2014లో సినిమా కూడా తీసేంత పాకినా, భోజనం మీద ప్రేమ ఉన్నవాళ్లకు తృప్తినివ్వలేదు. బిర్యానీ మసాలా ఘాటుకు ఉలవ మట్టివాసన లొంగిపోతుంది. రెండు మంచి వంటల్లో ఒకటి పోగొట్టుకున్నట్టే.

ఇదే వరసలో బందరు లడ్డు. శనగపిండితో సన్నపూస వండి, దాన్ని దంచి, బెల్లం పాకం, నెయ్యి పోస్తూ ముద్దయ్యేదాకా తొక్కే పని ఇంటి రోలుకు, ఇంటి చేతులకు మించింది. అందుకే తొక్కుడు లడ్డు అన్న పేరు. మచిలీపట్నం మిఠాయి దుకాణాలు తరాలుగా చేసుకొస్తున్న ఈ లడ్డుకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. బందరు పోయి తెచ్చుకోవలసిన లడ్డును ఇంట్లో ప్రయత్నించి నెయ్యి పాడు చేసుకోనక్కర్లేదు.

కవర్లో ఏది బతుకుతుంది?

మళ్లీ కర్రీ పాయింట్‌కు వస్తే, దాన్ని చిన్నచూపు చూసేవాళ్లు దాని వెనకున్న లెక్క చూడటం లేదు. పావుకిలో బెండకాయలు కడిగి, తుడిచి, తరిగి, వేయించడానికి ముప్పావు గంట. యాభై ఇళ్ల బెండకాయలు ఒకే పొయ్యి మీద వేగితే నూనె, గ్యాస్, సమయం అన్నీ కలిసొస్తాయి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు పోయే ఇల్లు, అద్దె గదిలో కుర్రాడు, మోకాళ్ల నొప్పులతో పొయ్యి దగ్గర నిలబడలేని పెద్దావిడ, వీళ్లందరికీ రెండు పూటలా ఆసరా అదే. 2022-23 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం దేశంలో నగర కుటుంబాల నెలవారీ ఖర్చులో 10.64 శాతం పానీయాలు, ప్యాకెట్ తిండి, వండి సిద్ధం చేసిన తిండి మీదే పోయింది. బియ్యం, గోధుమల వంటి ధాన్యం మీద పెట్టింది 3.64 శాతం. కర్రీ పాయింట్‌కు పోయేదీ ఆ పది శాతంలోదే.

అక్కడ ఏం కొనాలన్న దగ్గరే జనం పొరపడుతున్నారు. అందరూ అడిగేది పప్పు, వేపుడు. రెండూ కొనకూడనివి. పప్పు గిన్నెను అన్నంతో పాటే కుక్కర్‌లో పెడితే అదనంగా పొయ్యే అక్కర్లేదు. తాలింపు రెండు నిమిషాలు. వేపుడు కవర్లో కట్టగానే తన ఆవిరికి తానే మెత్తబడిపోతుంది. కరకర నిలవాలని నూనె రెట్టింపు పోస్తారు, దొండకాయల్ని ముందే నూనెలో దేవేస్తారు. కొనదగ్గవి వేరే ఉన్నాయి: కంద బచ్చలి, గుత్తి వంకాయ, దప్పళం, మజ్జిగ పులుసు, సాంబారు. తరగడానికీ నూరడానికీ బోలెడు పని ఉండి, గంటసేపు నిలవున్నా రుచి తగ్గనివి. పులుపున్న కూరలు ఆగేకొద్దీ ముక్కకు రసం పడుతుంది. ఆకుకూర మాత్రం ఎప్పుడూ ఇంట్లోనే వండాలి. పొద్దున వండిన తోటకూర సాయంత్రానికి నల్లబడి, దాని ప్రాణమే పోతుంది.

కవరు సంగతి కూడా చెప్పాలి. 120 మైక్రాన్ల లోపు ప్లాస్టిక్ సంచులు 2022 డిసెంబరు 31 నుంచి నిషేధం. మరుగుతున్న సాంబారును పల్చటి కవర్లో పోసి ఇవ్వడం చట్టానికీ ఒంటికీ రెండింటికీ విరుద్ధం. స్టీలు గిన్నె తెచ్చేవారికి ఒక గరిటె ఎక్కువ వేసే అలవాటును ప్రతి కర్రీ పాయింటూ చేసుకోవాలి.

ఇంటికి తెప్పించుకునే తిండికీ ఈ పరీక్షే. విజయవాడకు చెందిన శ్రీహర్ష మాజేటి సహ వ్యవస్థాపకుడిగా 2014లో బెంగళూరులో మొదలైన స్విగ్గీ దేశం తినే తీరునే మార్చేసింది. అందులో బిర్యానీ ఎందుకు గెలిచిందో వంట తెలిసినవాళ్లకు ఆశ్చర్యం కాదు. దమ్ పెట్టిన అన్నం మూత కింద ఇంకో అరగంట ఉన్నా చెడిపోదు. దోసె పది నిమిషాల్లో తోలైపోతుంది. దోసెను పెనం ముందు నిలబడి తినాలి, లేదా మానేయాలి.

ఎవరి చేతులు?

ఇంటి వంట గొప్పదని పొగిడే ప్రతివాళ్లూ ఒక అంకె ముందుగా చూడాలి. జాతీయ గణాంక కార్యాలయం 2024 సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటి పనుల్లో పాల్గొనే ఆడవాళ్లు జీతం లేని ఆ పనులకు రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తుంటే మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. 2019లో అవి 299, 97. అయిదేళ్లలో ఇద్దరివీ కాస్త తగ్గాయి. తేడా మాత్రం అలాగే ఉంది. రోటి పచ్చడి మిక్సీ పచ్చడి కన్నా బాగుంటుందన్నది నిజం. రోలు ముందు కూర్చునేది ఎవరన్నది కూడా అంతే నిజం. ‘అమ్మ చేతి వంట’ అని కళ్లు చెమర్చేవాళ్లు ఆ వంటలో రెండైనా తామే నేర్చుకుని వారానికి రెండు రోజులు వండితే, కర్రీ పాయింట్ ముందు వరస దానంతట అదే చిన్నదవుతుంది.

నేర్చుకోవడానికి దారులు ఎప్పుడూ ఉన్నాయి. నూజివీడులో పుట్టిన మాలతీ చందూర్ ఆంధ్రప్రభ వారపత్రికలో ‘ప్రమదావనం’ శీర్షికతో దశాబ్దాల పాటు పాఠకుల ప్రశ్నలకు జవాబులిచ్చారు. ఆమె ‘వంటలు పిండివంటలు’ పుస్తకం ఎన్నో ముద్రణలు పొంది, కొత్తగా కాపురం పెట్టిన ఎన్నో ఇళ్లకు మొదటి గురువు అయింది. తల్లి పక్కన లేని ఊళ్లో, కొలత తెలియని పిల్లకు కొలత చెప్పిన పుస్తకమది. తర్వాతి తరానికి ఆ పని యూట్యూబ్ చేసింది. తెనాలి దగ్గర గుడివాడ అనే చిన్న ఊళ్లో నూరేళ్లు దాటిన కర్రె మస్తానమ్మ పొలం గట్టున కట్టెల పొయ్యి పెట్టి వండితే ‘కంట్రీ ఫుడ్స్’ ఛానల్‌లో పది లక్షల మందికి పైగా చందాదారులయ్యారు. పుచ్చకాయ డొప్పలో ఆమె వండిన కోడికూరను ప్రపంచం చూసింది. 2018 డిసెంబరులో ఆమె కన్నుమూశారు. ఆ వీడియోల్లో గమనించవలసింది పుచ్చకాయ కాదు. గోటితో అల్లం పొట్టు తీయడం, చేత్తో ఉప్పు అంచనా వేయడం, సెగను కట్టె జరిపి తగ్గించడం. అవి ఏ రెస్టారెంట్ స్టైల్ వంటకన్నా ఇంటికి ఎక్కువ పనికొస్తాయి.

తక్కువ రకాలు వండితే మేలుగా వండవచ్చని ప్రభుత్వం నడిపే అన్న క్యాంటీన్లు కూడా చూపించాయి. 2018 జూలై 11న మొదలై, 2019లో మూతపడి, 2024 ఆగస్టు 15న కృష్ణా జిల్లా గుడివాడలో మళ్లీ తెరుచుకున్న ఈ క్యాంటీన్లలో ఏ పూటైనా 5 రూపాయలే. మధ్యాహ్నం, రాత్రి అన్నం, పప్పు లేదా సాంబారు, కూర, పచ్చడి, పెరుగు. ఎంచుకునేందుకు ఇంకేమీ లేదు. ఆటోనగర్‌లో లారీల కింద పడుకుని బోల్టులు బిగించే మనిషికి మధ్యాహ్నం కావలసింది పేజీల మెనూ కాదు, వేడన్నం, చిక్కటి పప్పు. హోటళ్ల యజమానులు ఒక రోజు ఆ వరసలో నిలబడి తింటే, తమ వంటిల్లు ఎక్కడ బరువెక్కిందో వాళ్లకే తెలుస్తుంది.

ఇళ్లు ఇంకా గట్టిగా పట్టుకున్నది ఆవకాయను. 1999 జనవరిలో రాష్ట్రంలో రైతుబజార్లు మొదలయ్యాక పటమట రైతుబజారు ఈ పేటకు అసలు వంటిల్లుగా మారింది. మే నెలలో అక్కడ కాయ కొట్టే కత్తిపీటల చప్పుడు ఆగదు. టెంక గట్టిపడిన పుల్లటి కాయ ఏరుకుని, డొక్క నిలిచేలా ముక్కలు కొట్టించుకుని, ఇంటికొచ్చి తడి లేకుండా తుడిచి, ఆవపిండి, కారం, ఉప్పు, పప్పునూనె కలిపి జాడీకెత్తి, మూడో రోజు తిరగ కలుపుతారు. ఆ మూడో రోజే ఉప్పు చాలిందో లేదో తేలేది. 1980లో మొదలైన ప్రియా పచ్చళ్ల నుంచి ఇవాళ్టి వీధి చివర దుకాణాల దాకా సీసాలో ఆవకాయ ఏడాది పొడుగునా దొరుకుతుంది. అయినా విజయవాడ కొరియర్ దుకాణాలు వేసవిలో డల్లాస్‌కూ న్యూజెర్సీకీ ఇంటి ఆవకాయను నూనె కారకుండా మూటలు కట్టి పంపుతూనే ఉంటాయి. ఆ కాస్త పచ్చడి విలువకు మించి కొరియర్‌కే ఖర్చవుతుంది. ఆ ఖర్చు పెట్టే తల్లిదండ్రులకు లెక్క తెలియక కాదు. ఏ ఇంటి ఆవకాయలో ఆవఘాటు ఎంత, వెల్లుల్లి ఎంత అన్నది ఆ ఇంటి పిల్లలకే తెలుసు, సీసా కంపెనీకి తెలిసే వీలు లేదు.

ఈ రైతుబజారు నుంచే బందరు రోడ్డు హోటళ్లు నేర్చుకోవలసింది ఉంది. పొద్దున అక్కడ ఏం దిగిందో చూసి, సాయంత్రానికి గుమ్మం దగ్గర నల్లబల్ల మీద నాలుగే వంటలు రాసే హోటల్ ఒక్కటి ఈ రోడ్డు మీద వచ్చినా చాలు. జనవరిలో చిక్కుడుకాయ టమాటా, మార్చిలో ములక్కాడ పులుసు, ఏప్రిల్‌లో చింతచిగురు పప్పు, మామిడికాయ పచ్చిరొయ్యలు, వానల్లో గోంగూర మాంసం, ఏడాది పొడుగునా ఒక చేప పులుసు, వారానికోసారి ఉలవచారు. పనీర్ కావలసినవాళ్లకు పక్కన యాభై హోటళ్లున్నాయి. ఇవి వండగల మాస్టర్లు పెళ్లి పందిళ్లలో, కార్తీక వనభోజనాల్లో ఇప్పటికీ వండుతున్నారు, వాళ్లను పిలిచి పొయ్యి అప్పగించే యజమాని కావాలి.